మట్టిలోని నీరు, మొక్క తాగే నీరు: ఏ ప్రశ్నకు ఏ పరికరం

మీటరు 20 శాతం తేమ చూపించింది. ఇప్పుడు తడి ఇవ్వాలా, ఆగాలా? ఈ ఒక్క అంకెను చూసి ఎవరూ జవాబు చెప్పలేరు. ఇసుక నేలలో 20 శాతం అంటే నీరు ఇంకా కిందికి జారుతూ ఉండే దశ. వేళ్లు ఏ శ్రమా లేకుండా తాగుతాయి. చిక్కటి బంకనేలలో అదే 20 శాతం దగ్గర మొక్క వడలిపోయి, రాత్రి గడిచినా తేరుకోని స్థితికి చేరుతుంది. రెండు చోట్లా నీరు అంతే ఉంది. బంకమట్టి మాత్రం దాన్ని తన సన్నని రంధ్రాల్లో బిగించి పట్టుకుంది. ఈ తేడా తెలియకుండా పరికరం కొన్నవారు కొన్నాళ్లకు దాన్ని మూలన పడేయడం నేను చాలాసార్లు చూశాను, ప్రతిసారీ బాధ కలిగింది. ఆ పరికరం పాడైపోలేదు. దాన్ని కొన్నవారికి కావలసిన జవాబు వేరే కొలతలో ఉంది, అంతే.

అందుకే పరికరాల పేర్లు వినకముందే ప్రశ్నలను విడదీసుకోవాలి. నేలలో నీరు ఎంత ఉంది? ఆ నీటిని లాగడానికి వేరు ఎంత కష్టపడాలి? మొక్క నిజంగా ఎంత తాగింది? మొదటిదానికి జవాబు శాతాల్లో వస్తుంది. రెండోదానికి పీడనాన్ని కొలిచే కిలోపాస్కల్స్‌లో, మూడోదానికి మిల్లీమీటర్లలో లేదా లీటర్లలో వస్తుంది. ఒకదాని నుంచి మరొకదాన్ని లెక్కకట్టవచ్చు గానీ, ఆ మార్పిడి చేసిన ప్రతిసారీ కొంత పొరపాటు వచ్చి చేరుతుంది. మీరు తీసుకోబోయే నిర్ణయం ఏ ప్రశ్న మీద ఆధారపడి ఉందో, దాన్నే నేరుగా కొలిచే పరికరం తీసుకోండి. మిగతా లక్షణాలన్నీ దీని తర్వాతే చూడాలి.

ఓవెన్, త్రాసు

మిగతా పద్ధతులన్నిటికీ గీటురాయి ఒకటుంది. మట్టి తీసి తూచి, 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచడం. తగ్గిన బరువే నీరు. దాన్ని పొడి మట్టి బరువుతో భాగిస్తే బరువు ప్రకారం తేమ వస్తుంది. ఆ అంకెను మట్టి స్థూల సాంద్రతతో (రంధ్రాలతో సహా ఒక ఘన సెంటీమీటరులో ఉండే పొడి మట్టి బరువు, గ్రాముల్లో) గుణిస్తే ఘనపరిమాణం ప్రకారం తేమ వస్తుంది. బరువు ప్రకారం 15 శాతం ఉండి, స్థూల సాంద్రత 1.4 అయితే, ఘనపరిమాణం ప్రకారం అది 21 శాతం. తేమను శాతంలో చూపే సెన్సార్లు దాదాపుగా అన్నీ ఈ రెండో అంకెనే చూపిస్తాయి. ఈ గుణకారం మరిచిపోయి సెన్సార్ తప్పు చూపిస్తోందని తీర్మానించేవారు ఎక్కువ.

ఈ పద్ధతికి పెద్ద లోపం ఒకటుంది. ఒకసారి తవ్విన చోట మళ్లీ కొలవలేం. ఫలితం కూడా ఒక రోజు ఆలస్యంగా వస్తుంది. రోజువారీ నిర్ణయాలకు ఇది పనికిరాదు. కానీ శాతం చూపే ఏ సెన్సార్ కొన్నా, మొదటి కొన్ని వారాల్లో కనీసం పొడి దశలో ఒకసారి, తడి దశలో ఒకసారి దీనితో సరిచూడకుండా దాని అంకెను నమ్మవద్దు.

వేరు పడే కష్టం: బిగువును కొలిచేవి

నీరు ఎప్పుడు పెట్టాలన్నదే మీ ప్రశ్న అయితే నేను మొదట చూపేది టెన్షియోమీటర్‌ను. ఒక గొట్టం నిండా నీరు, కింద సన్నని రంధ్రాలున్న పింగాణీ కప్పు, పైన ఒక గేజి. మట్టి ఎండేకొద్దీ గొట్టంలోని నీటిని పింగాణీ గుండా బయటికి లాగుతుంది. లోపల ఏర్పడిన పీడన లోటును, అంటే మట్టి నీటిని పట్టుకున్న బిగువును, గేజి చూపిస్తుంది. పక్కనే ఉన్న వేరు కూడా సరిగ్గా ఆ లాగుడుతోనే పోరాడుతూ ఉంటుంది. మట్టి ఇసుకైనా బంకైనా ఈ అంకె అర్థం ఒకటే, కాబట్టి నేలను బట్టి కాలిబ్రేషన్ (అంకెను సరిచేసుకోవడం) చేయనక్కరలేదు. 1936లో రిచర్డ్స్, గార్డ్నర్ ఈ పరికరాన్ని వివరించిన రూపానికీ నేడు పొలాల్లో కనిపించే రూపానికీ మౌలికంగా తేడా లేదు. ఇంతకాలం నిలిచిందంటే దాని సూత్రం అంత సూటిగా ఉండడమే కారణం.

దీని పరిమితిని మాత్రం ముందే అంగీకరించాలి. బిగువు 80 నుంచి 85 కిలోపాస్కల్స్ దాటితే గొట్టంలో నీటి స్తంభం తెగి గాలి చేరుతుంది. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ ఈ హద్దు మరో 10 కిలోపాస్కల్స్ దాకా తగ్గుతుంది. మొక్క శాశ్వతంగా వడలిపోయే స్థాయిని సంప్రదాయంగా 1500 కిలోపాస్కల్స్‌గా లెక్కిస్తారు. అంటే మొత్తం పరిధిలో టెన్షియోమీటర్ చూడగలిగేది చాలా చిన్న ముక్క. అయినా ఇసుక నేలల్లో మొక్కకు అందే నీటిలో ఎక్కువ భాగం ఆ ముక్కలోనే ఉంటుంది. కూరగాయలకూ పండ్లతోటలకూ తడి ఇవ్వాల్సిన సమయం కూడా చాలావరకు ఆ హద్దుల్లోనే వస్తుంది. పంటను బెట్టకు రానిచ్చి పెంచేవారికి, బంకనేలలో వర్షాధారంగా సాగు చేసేవారికి ఇది సరిపోదు.

మరో సంగతి తక్కువమంది చెబుతారు. నీటిలో కరిగిన లవణాలు పింగాణీ గుండా స్వేచ్ఛగా వెళ్లిపోతాయి. అందువల్ల ఉప్పు వల్ల వేరుపై పడే అదనపు భారం టెన్షియోమీటర్‌కు తెలియదు. చౌడు నేలలో గేజి హాయిగా 15 చూపిస్తూ ఉండగానే మొక్క దాహంతో ఉండవచ్చు. అలాంటి నేలల్లో లవణాల సాంద్రతను కూడా విడిగా కొలవాలి.

నిర్వహణకు ఓపిక కావాలి. కాచి చల్లార్చిన నీరు పోయాలి, పింగాణీ కప్పును రాత్రంతా నానబెట్టాలి, గాలి బుడగలు తీసేయాలి. తొలి రోజుల్లో ఒకసారి ముల్లు సున్నా దగ్గరే ఉంటే నేల తడిగా ఉందనుకుని నాలుగు రోజులు ఊరుకున్నాను. తవ్వి చూస్తే మట్టి పొడిపొడిగా రాలింది. గొట్టంలో నీరు ఎప్పుడో ఖాళీ అయిపోయింది. అప్పటి నుంచి గేజి చూసే ముందు గొట్టంలో నీటి మట్టం చూడడం అలవాటు చేసుకున్నాను. వీలైతే ఒకే చోట రెండు లోతుల్లో పెట్టండి. వేళ్లు దట్టంగా ఉన్న లోతులోది ఎప్పుడు తడి ఇవ్వాలో చెబుతుంది. వేళ్ల అడుగుభాగంలోది ఎప్పుడు ఆపాలో చెబుతుంది. కిందిది ఎప్పుడూ 5 దగ్గరే ఉంటే మీరు పోసే నీరు, దానితోపాటు ఎరువు, వేళ్లను దాటి పోతున్నాయి.

ఇంత ఓపిక లేనివారికి జిప్సం దిమ్మెలు, వాటి తర్వాత వచ్చిన వాటర్‌మార్క్ వంటి రేణు సెన్సార్లు ఉన్నాయి. లోపలి పదార్థం చుట్టూ ఉన్న మట్టితో సమానంగా తడుస్తుంది, ఎండుతుంది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య విద్యుత్ నిరోధాన్ని బట్టి బిగువును అంచనా వేస్తారు. జిప్సం దిమ్మెను 1940లో బూయూకోస్, మిక్ పరిచయం చేశారు. బాగా ఎండిన నేలలో అది పనిచేస్తుంది గానీ తడి నేలలో మొద్దుబారుతుంది. పైగా క్రమంగా కరిగిపోతుంది. రేణు సెన్సార్ దాదాపు 10 నుంచి 200 కిలోపాస్కల్స్ వరకు చూస్తుంది, నీళ్లు నింపే పని లేదు, ఏళ్ల తరబడి ఉంటుంది. నేల ఉష్ణోగ్రతకు సవరణ మాత్రం తప్పనిసరి. ముతక ఇసుకలో మట్టితో స్పర్శ సరిగా కుదరక ఆలస్యంగా స్పందిస్తుంది. మధ్యరకం నేలల్లో, రోజూ పరికరం దగ్గరికి వెళ్లలేని సాగుదారుకు నేను నిస్సంకోచంగా దీన్నే సూచిస్తాను.

నేలలోని నీటి పరిమాణం

ఎంత నీరు పోయాలన్నది మీ ప్రశ్న అయితే శాతం కావాలి. ఉదాహరణకు 30 సెంటీమీటర్ల వేరు మండలంలో తేమ 28 శాతం నుంచి 22కు తగ్గింది. 300 మిల్లీమీటర్లలో 6 శాతం అంటే 18 మిల్లీమీటర్లు, అంటే చదరపు మీటరుకు 18 లీటర్లు. ఇప్పుడు సెన్సార్‌లో 3 శాతం పొరపాటు ఉందనుకోండి. అది 9 మిల్లీమీటర్లు, మీరు వెతుకుతున్న అంకెలో సరిగ్గా సగం. అయితే ఆ పొరపాటు 28 దగ్గరా 22 దగ్గరా ఒకేలా ఉంటే, రెండింటి మధ్య తేడా మాత్రం నమ్మదగినదే. అందుకే విడి అంకె కంటే రోజురోజుకూ వచ్చే మార్పునే ఎక్కువగా చూడమంటాను.

ఈ విభాగంలోని ఆధునిక సెన్సార్లు చాలావరకు నీటికున్న ఒక విశేష గుణం మీద నడుస్తాయి. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) సుమారు 80. మట్టి ఖనిజాలది 3 నుంచి 5, గాలిది 1. కాబట్టి మట్టి మొత్తంగా చూపే విలువలో కొద్దిపాటి నీరు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. టీడీఆర్ (టైమ్ డొమైన్ రిఫ్లెక్టోమెట్రీ) పరికరం ఉక్కు కడ్డీల వెంట విద్యుదయస్కాంత తరంగాన్ని పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని కొలుస్తుంది. 1980లో టాప్, డేవిస్, అన్నన్ ఇచ్చిన సమీకరణం చాలా ఖనిజ నేలలకు విడిగా కాలిబ్రేషన్ లేకుండానే దగ్గరి విలువ ఇస్తుంది. సేంద్రియ పదార్థం ఎక్కువున్న నేలల్లో, బాగా చిక్కటి బంకనేలల్లో తప్పుతుంది. ఉప్పు ఎక్కువైతే తరంగం దారిలోనే క్షీణించి తిరిగి రాదు. పరిశోధనకు, ఇతర సెన్సార్లను సరిచూడడానికి టీడీఆర్ మంచి ఎంపిక. వ్యయం, సంక్లిష్టత దృష్ట్యా రోజువారీ సాగుకు అంత అవసరం లేదు.

పొలాల్లో ఎక్కువగా కనిపించేవి కెపాసిటెన్స్ సెన్సార్లు. మట్టి విద్యుదావేశాన్ని ఎంత నిల్వ చేయగలదో చూసి, అదే గుణాన్ని ఇవి కొలుస్తాయి. చవక, తక్కువ విద్యుత్తు, అంకెలను నమోదు చేసే డేటా లాగర్‌కు సులభంగా కలుస్తాయి. వీటి నాణ్యతను చాలావరకు అవి పనిచేసే పౌనఃపున్యం (సెకనుకు విద్యుత్ కంపనాల సంఖ్య) నిర్ణయిస్తుంది. అది తక్కువయ్యేకొద్దీ ఉప్పు, బంక, ఉష్ణోగ్రతల ప్రభావం పెరుగుతుంది. కొనేముందు వివరాల పత్రంలో 50 మెగాహెర్ట్జ్‌కు పైన పనిచేస్తుందో లేదో చూడండి. మధ్యాహ్నం తేమ పెరిగి, తెల్లవారుజామున తగ్గినట్లు గీత కనిపిస్తే అది చాలావరకు నేల వేడికి సెన్సార్ స్పందనే. వీటికి ఇంకో బలహీనత ఉంది. ఇవి చూసే మట్టి చాలా తక్కువ, సంకేతంలో ఎక్కువ భాగం కడ్డీలకు అతి దగ్గరి మట్టి నుంచే వస్తుంది. అక్కడ ఒక రాయి, పాత వేరు వదిలిన ఖాళీ, సన్నని గాలి పొర ఉన్నా ఆ సెన్సార్ చెప్పేది వాటి గురించే.

బ్యాటరీ లేకుండా ముల్లు కదిలే రెండు కాళ్ల మీటర్ల గురించి ఎక్కువగా అడుగుతుంటారు. రెండు వేర్వేరు లోహాల మధ్య పుట్టే కొద్దిపాటి విద్యుత్తును అవి చూపిస్తాయి. తేమతోపాటు ఎరువు, ఉప్పు కూడా ముల్లును కదిలిస్తాయి. కుండీలో మట్టి ఎండిందో లేదో తెలుసుకోవడానికి వేలు చాలు, నిజానికి వేలే నయం. వీటిని కొనవద్దు.

న్యూట్రాన్ ప్రోబ్‌ను గౌరవంగా తలచుకోవాలి. దాని నుంచి వెలువడే వేగవంతమైన న్యూట్రాన్లు నీటిలోని హైడ్రోజన్‌ను తాకి నెమ్మదిస్తాయి. అలా నెమ్మదించిన వాటిని లెక్కిస్తారు. తడి నేలలోనే దాదాపు 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళాన్ని చూస్తుంది కాబట్టి చిన్న చిన్న ఖాళీలు దాన్ని మోసగించలేవు. కానీ లోపల రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. లైసెన్సు, శిక్షణ తప్పవు, పొలంలో వదిలి రాలేం. శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న సంస్థలు తప్ప మిగతావారు దీని జోలికి పోనక్కరలేదు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల న్యూట్రాన్లను లెక్కించే పరికరాలు వందల మీటర్ల మేర సగటు తేమను ఇస్తాయి. 2009లో ప్రయోగించిన స్మోస్, 2015లో ప్రయోగించిన స్మాప్ ఉపగ్రహాలు పైన 5 సెంటీమీటర్ల పొరను, ఒక్కో కొలతలో పదుల కిలోమీటర్ల విస్తీర్ణానికి కలిపి చూస్తాయి. ఒక పొలంలో నిర్ణయానికి అవి పనికిరావు.

మొక్క నిజంగా ఎంత తాగింది

18వ శతాబ్దంలో స్టీఫెన్ హేల్స్ ఒక పొద్దుతిరుగుడు మొక్కను కుండీలో పెంచి, మట్టి నుంచి ఆవిరి పోకుండా పైన సీసపు రేకు మూసి, రోజూ తూచాడు. తగ్గిన బరువంతా ఆకుల గుండా పోయిన నీరే. కుండీల్లో పరిశోధన చేసే విద్యార్థులకు నేటికీ ఇంతకంటే మంచి పద్ధతి చూపలేను. మంచి త్రాసు, మట్టిపై ప్లాస్టిక్ కప్పు చాలు. రోజూ ఒకే వేళకు తూచడం, మొక్క సొంత బరువు పెరుగుదలను అప్పుడప్పుడు సరిదిద్దడం మరవకూడదు.

అదే ఆలోచన పొలానికి పెరిగితే తూనిక లైసిమీటర్ అవుతుంది. నేలలో దించిన పెద్ద తొట్టె, కింద త్రాసు. చదరపు మీటరుకు ఒక కిలో తగ్గితే ఒక మిల్లీమీటరు నీరు పోయినట్లు, ఏ ఊహా అక్కరలేదు. మట్టి నుంచి ఆవిరైనదీ మొక్క తాగినదీ కలిసే వస్తాయన్నది గుర్తుంచుకోవాలి. తొట్టెలోని పంట చుట్టుపక్కల పంట కంటే ఎత్తుగా, ఒత్తుగా పెరిగితే అంకె పెరిగిపోతుంది. నిర్మాణానికి చాలా ఖర్చు, చోటు మార్చలేం. పంట గుణకాలను (ప్రామాణిక గడ్డితో పోలిస్తే ఒక పంట ఎంత నీరు వాడుతుందో చెప్పే అంకెలను) నిర్ణయించే కేంద్రాలకు ఇది తప్పనిసరి, మిగతావారికి ఆ కేంద్రాలు ఇచ్చిన గుణకాలే చాలు.

ఆ గుణకాలను వాడే దారి చవకైనది. ఎండ, ఉష్ణోగ్రత, గాలి, తేమ వివరాలతో ప్రామాణిక గడ్డికి రోజుకు ఎంత నీరు కావాలో లెక్కించి, పంట గుణకంతో గుణించడం. 1998లో ఆహార, వ్యవసాయ సంస్థ ప్రచురించిన పెన్మన్–మాంటీత్ పద్ధతి ఇదే. ప్రామాణిక విలువ 5 మిల్లీమీటర్లు, గుణకం 1.15 అయితే పంట అవసరం 5.75. ఇది నీరు సరిపడా ఉన్న ఆరోగ్యమైన పంటకు వచ్చే అంకె. మీ మొక్క నిజంగా అంత తాగిందని దీనివల్ల రుజువు కాదు. అందుకే ఈ లెక్కకు తోడుగా నేలలో ఒక్క సెన్సార్ అయినా ఉండాలంటాను. ఒకటి ఖర్చును, మరొకటి నిల్వను చూపిస్తాయి.

చెట్ల విషయంలో రసప్రవాహ సెన్సార్లకు సాటి లేదు. 1985లో గ్రానియే ప్రతిపాదించిన పద్ధతిలో మానులో రెండు సూదులు గుచ్చుతారు. పై సూదిని నిరంతరం వేడి చేస్తారు. రసం వేగంగా పారితే వేడి కొట్టుకుపోయి రెండింటి మధ్య ఉష్ణోగ్రత తేడా తగ్గుతుంది. పరికరం సులువు, చవక. కానీ మూల సమీకరణాన్ని యథాతథంగా వాడితే చాలా జాతుల్లో ప్రవాహం తక్కువగా వస్తుంది. రాత్రి ప్రవాహం సున్నా అనుకోవడం కూడా ప్రతిచోటా నిజం కాదు. నెమ్మదైన ప్రవాహం, రాత్రి ప్రవాహం, వెనక్కి పారే ప్రవాహం కావాలంటే ఉష్ణ నిష్పత్తి పద్ధతి మేలు. అందులో క్షణకాలం వేడి ఇచ్చి, దానికి పైనా కిందా ఉష్ణోగ్రత పెరిగిన నిష్పత్తిని చూస్తారు. సన్నని కాండాలకు గుచ్చకుండా చుట్టూ చుట్టి, ఇచ్చిన వేడి ఎటు పోయిందో లెక్కగట్టే ఉష్ణ తుల్య పద్ధతి ఉంది. ఏది వాడినా, రసం పారే చెక్క వైశాల్యంలో 10 శాతం పొరపాటు పడితే లీటర్ల లెక్కలోనూ 10 శాతం పొరపాటు పడుతుంది. సూదుల మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా ఆ వైశాల్యం కొలవడం మీద పెట్టాలి.

మొక్క ఎంత తాగిందన్నది పక్కనపెట్టి, దాహంతో ఉందా అని మాత్రమే అడిగితే ప్రెషర్ చాంబర్ ఉంది. 1965లో షోలాండర్ బృందం దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చింది. ఆకును కోసి, తొడిమ బయటికి ఉండేలా గదిలో బిగించి, వాయుపీడనం పెంచుతారు. కోసిన చోట రసం కనిపించిన క్షణంలో ఉన్న పీడనమే ఆ ఆకు పడుతున్న కష్టం. తెల్లవారకముందు కొలిస్తే దాదాపు వేర్లున్న నేల స్థితి తెలుస్తుంది, మధ్యాహ్నం కొలిస్తే ఆ రోజు ఒత్తిడి తెలుస్తుంది. కోసే ముందే ఆకుకు సంచి తొడగాలి, లేకపోతే క్షణాల్లో నీరు పోయి అంకె మారుతుంది. అధిక పీడన వాయువు కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి, ముఖం చాంబర్ పైకి వంచకూడదు.

అయితే ప్రతి మొక్కా తన దాహాన్ని ఒకేలా బయటపెట్టదు. మొక్కజొన్న నీరు తగ్గగానే పత్రరంధ్రాలను మూసుకుని, ఆకులోని నీటి స్థితిని కాపాడుకుంటుంది. పొద్దుతిరుగుడు రంధ్రాలను తెరిచే ఉంచి ఆ స్థితిని పడిపోనిస్తుంది. కాబట్టి పొద్దుతిరుగుడులో ప్రెషర్ చాంబర్ స్పష్టంగా చెప్పే సంగతిని మొక్కజొన్నలో అది దాచేస్తుంది. మొక్కజొన్న వంటి పంటకు రంధ్రాల తెరుపును నేరుగా కొలిచే పోరోమీటరే సరైన ఎంపిక. ఈ ఒక్క విషయం ముందే తెలుసుకుంటే ఒక సీజన్ శ్రమ మిగులుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చవక, వేగం. దాహంతో ఉన్న ఆకు వేడెక్కుతుందన్నది దాని ఆధారం. కానీ ఆకాశం నిర్మలంగా ఉండి, ఆకులు నేలను పూర్తిగా కప్పేసినప్పుడే నమ్మాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే సంకేతం బలహీనపడుతుంది. ఇక సెకనుకు 10 నుంచి 20 సార్లు గాలి కదలికనూ నీటి ఆవిరినీ కొలిచి, పొలం నుంచి పోయే నీటిని లెక్కించే ఎడ్డీ కోవేరియన్స్ టవర్లు విశాలమైన, సమతలమైన, ఒకే పంట ఉన్న క్షేత్రాలకు, వాటిని నడిపే నిపుణులకు మాత్రమే.

పాతే ముందు

ఒక ఖరీదైన సెన్సార్ కంటే మూడు మామూలు సెన్సార్లు మేలు. ఒకే పొలంలో రెండు అడుగుల దూరంలోనే తేమ మారుతుంది కాబట్టి, ఒక్క చోటి అంకెకు మీరు ఇచ్చే విలువ దానికి ఉండదు. డ్రిప్ పెట్టినచోట సరిగ్గా చుక్క పడే చోటే గుచ్చితే ఎప్పుడూ తడే కనిపిస్తుంది, మరీ దూరం పెడితే ఎప్పుడూ పొడే. వేళ్లు చురుకుగా ఉన్న చోటును తవ్వి చూసుకుని ఎంచుకోండి. గుంట తీసి, కదలని పక్క గోడలోకి అడ్డంగా గుచ్చండి. తీసిన మట్టిని వచ్చిన వరుసలోనే తిరిగి నింపండి. తీగను సెన్సార్ కంటే కిందికి ఒకసారి వంచి పైకి తీసుకురండి, లేకపోతే వాన నీరు తీగ వెంటే జారి నేరుగా సెన్సార్ మీద పడుతుంది. ఆ తర్వాత మట్టి సర్దుకోవడానికి కొన్ని వారాలు ఇవ్వండి.

కెపాసిటెన్స్ సెన్సార్ అయితే పాతకముందే మీ మట్టితో ఒక పూట కేటాయించండి. జల్లించి ఆరబెట్టిన మట్టిని పొలంలో ఉన్నంత గట్టిగా 10 లీటర్ల మేర బకెట్‌లో నింపి సెన్సార్ గుచ్చి అంకె రాసుకోండి. మట్టిని బయటికి తీసి అర లీటరు నీరు పోసి బాగా కలిపి, మళ్లీ అదే 10 లీటర్ల గీత వరకు కూరండి. అది 5 శాతం. మరో అర లీటరుకు 10, ఇంకో అర లీటరుకు 15. నాలుగైదు బిందువులను కాగితంపై గుర్తించి కలిపితే వచ్చే గీత, తయారీదారు ఇచ్చిన గీతకు ఎంత దూరంలో ఉందో అప్పుడే తెలిసిపోతుంది. ఆ కాగితం మీద సెన్సార్ సంఖ్య, మట్టి తీసిన చోటు, లోతు రాసి భద్రపరచండి.